ముందు పందిరి... తర్వాతే ప్యానెల్!

మిద్దె మీద చోటు లేదు. పెరట్లో పందిరి వేసి దాని నెత్తిన సోలార్ ప్యానెళ్లు బిగిస్తే నీడకు నీడ, కరెంటుకు కరెంటు! వినడానికి బాగానే ఉంది. మరి పందిరి ఎక్కడ వేయాలి? ఎంత గట్టిగా కట్టాలి? దాని మీదికి ఏ ప్యానెల్ కొనాలి? మదనపల్లె, పుంగనూరు, కుప్పం పెరళ్లలో ఒక్కోచోట ఒక్కో చిక్కు.

మదనపల్లెలో ఓ మధ్యతరగతి ఇల్లు అనుకోండి. ఆదివారం పొద్దున్నే కాఫీల దగ్గర పంచాయితీ మొదలైంది.

వేసవి బిల్లు చూసిన ఇంటాయన ‘ఈసారి సోలార్ పెట్టించేద్దాం’ అన్నాడు.

‘ఎక్కడ పెట్టిస్తారు? మిద్దె మీద నీళ్ల ట్యాంకు, డిష్షు, బట్టల తీగలు... వడియాలు పెట్టుకోవడానికే జానెడు చోటు లేదు. పైగా వచ్చే ఏడాది పైన ఇంకో గది వేద్దామన్నారు కదా!’ అంది ఇల్లాలు.

‘పెరట్లో పందిరుందిగా నాన్నా! కర్రలు తీసేసి ఇనుప స్తంభాలు పాతి, పైన ప్యానెళ్లు పెడితే సరి’ అన్నాడు ఇంజినీరింగ్ చదివే కొడుకు.

అప్పటిదాకా ఊరుకున్న పెద్దావిడ నోరు తెరిచింది. ‘నా చిక్కుడు పందిలి జోలికి మాత్రం రావద్దు అబ్బోడా!’

సాయంత్రానికి దుకాణం మనిషి వచ్చాడు. పెరడంతా ఓ చుట్టు తిరిగి ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. ‘ఆ వేపచెట్టు కొట్టేయండి సార్. ఆరు ప్యానెళ్లు సుబ్బరంగా పడతాయి.’

ఎవరూ మాట్లాడలేదు. ఇల్లు కట్టిన ఏడాది పెద్దాయన తన చేత్తో నాటిన చెట్టు అది. ఆయన పోయినా చెట్టుంది. వేసవిలో ఇంటి వెనక గదులు కాస్త చల్లగా ఉన్నాయంటే ఆ చెట్టు పుణ్యమే. కరెంటు బిల్లు కోసం దాన్ని కొట్టేయాలా?

అక్కర్లేదు. ముందు ఆ పెరడును కాస్త తీరిగ్గా చూడాలి. చాలామంది చేసే పొరపాటేమిటంటే ముందు ప్యానెల్ కంపెనీ పేరు అడుగుతారు, ఎన్ని వాట్లో అడుగుతారు, బేరమాడతారు. పందిరి సంగతి చివర్న వెల్డింగ్ షాపువాడికి వదిలేస్తారు. నిజానికి జరగాల్సింది దానికి తిరగేసి. ముందు చోటు, తర్వాత పందిరి, ఆ తర్వాతే ప్యానెల్.

నీడనిచ్చేదానికే నీడంటే భయం!

పందిరి అంటేనే నీడ. అందుకే మన పెద్దలు దాన్ని చెట్టు పక్కనో, గోడ వారగానో వేసేవారు. ప్యానెల్‌కు మాత్రం నీడ పొడ గిట్టదు.

అదెలాగంటే... ఇప్పుడు ఇళ్లకు ఎక్కువగా వాడే 540 వాట్ల ప్యానెల్‌లో సగానికి కోసిన 144 సెల్స్ ఉంటాయి. అవన్నీ గొలుసులా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఒక్క కొమ్మ నీడ కొన్ని సెల్స్ మీద పడినా ఆ గొలుసులో కరెంటు తగ్గిపోతుంది. తోటలో పైపును ఒకచోట తొక్కితే మొత్తం నీళ్లు సన్నబడినట్టే. ప్యానెల్ వెనకుండే బైపాస్ డయోడ్లు ఆ దెబ్బను ప్యానెల్‌లో మూడోవంతుకు పరిమితం చేస్తాయి తప్ప పూర్తిగా తప్పించలేవు.

అందుకని మొదటి పని నీడ లెక్క. ఏడాదిలో నీడలు బాగా సాగేది డిసెంబరులో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ భూమధ్యరేఖకు ఉత్తరాన 13 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. ఈ ఊళ్లలో డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం, అంటే గడియారంలో 12.15 ప్రాంతంలో, చెట్టు నీడ దాని ఎత్తులో ముప్పావు వంతు ఉంటుంది. మూడు దాటేసరికి ఎత్తుకు ఒకటిన్నర రెట్లు అవుతుంది. 30 అడుగుల వేపచెట్టు ఉందనుకుంటే మధ్యాహ్నం దాని నీడ 22 అడుగుల దూరం ఉత్తరానికి పడుతుంది. మూడు దాటాక 45 అడుగుల దాకా సాగి ఈశాన్యం వైపు పోతుంది. పొద్దున తొమ్మిదింటికి అంతకన్నా కాస్త ఎక్కువ దూరం వాయవ్యం వైపు ఉంటుంది.

దీన్నిబట్టి తేలేదేమిటి? చెట్టుకు ఉత్తరం వైపున పందిరి వేస్తే చలికాలమంతా నష్టమే. అదే చెట్టుకు దక్షిణంగా వేస్తే ఆ నీడతో దాదాపు పేచీయే లేదు. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు ఈ ఊళ్లకు కాస్త ఉత్తరానికి వస్తాడు కానీ, అప్పుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి 30 అడుగుల చెట్టు నీడ కూడా దక్షిణానికి ఐదారు అడుగులకు మించి రాదు.

డిసెంబరు దాకా ఆగే తీరిక ఉంటే ఇంకా తేలిక. ఎండ బాగా ఉన్న రోజు పొద్దున తొమ్మిదింటికి, పన్నెండుంబావుకు, మూడింటికి... మూడుసార్లు పెరట్లోకి వెళ్లి నీడల అంచుల వెంట ముగ్గుపిండితో గీత గీయండి. మూడు గీతలూ తాకని నేల ఎంత మిగిలిందో అదే మీ పందిరి చోటు. పక్కింటి గోడ, ఎదురింటి నీళ్ల ట్యాంకు, సెల్ టవర్ నీడలను కూడా లెక్కలో వేసుకోవాలి. కొబ్బరి మొక్క ఉంటే ఇప్పటి ఎత్తు కాదు, పదేళ్ల తర్వాతి ఎత్తు చూడాలి. ప్యానెల్ 25 ఏళ్ల చుట్టం మరి!

ఎంత వాలు? ఎటు మొగం?

మొగం దక్షిణానికే. వాలు ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటే ఏడాది మొత్తానికి మంచి దిగుబడి వస్తుంది. అంటే ఇక్కడ 13 డిగ్రీలు. 10 డిగ్రీలకు తగ్గించినా పోయేది చాలా తక్కువ. బల్లపరుపుగా మాత్రం వేయొద్దు. దుమ్ము జారదు, వాన నీళ్లు అంచున నిలిచి పాకుడు పడుతుంది.

ఇక కొలతలు. 540 వాట్ల ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, మూడుముప్పావు అడుగుల వెడల్పు, సుమారు 28 కిలోల బరువు ఉంటుంది. నాలుగు ప్యానెళ్లను అడ్డంగా, రెండు వరసల్లో పేరిస్తే 15 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పున్న పందిరి అవుతుంది. నలుగురు కుర్చీలేసుకుని కూర్చోవచ్చు. 10 డిగ్రీల వాలుకు వెనకవైపు స్తంభాలు ముందువాటికన్నా 16 అంగుళాలు ఎత్తుంటే చాలు. ముందు అంచు మాత్రం 8 అడుగులకు తగ్గకూడదు. పిల్లల చేతికి వైర్లు అందవు, పెద్దల తలకు చువ్వ తగలదు.

నాలుగు ప్యానెళ్లు కలిపితే రెండు కిలోవాట్లకు కాస్త ఎక్కువ. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్ల లెక్కన నెలకు 240 యూనిట్ల పైమాటే.

కింద బరువు కాదు... పైకి ఎత్తే గాలి!

‘నాలుగు ప్యానెళ్ల బరువెంత, 112 కిలోలే కదా! రెండంగుళాల పైపులు చాలవూ?’ అంటారు చాలామంది. భయపడాల్సింది బరువుకు కాదు. మామిడికాయలు రాలే రోజుల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి లేచే గాలివాన ఉంది చూశారూ... దానికి!

తాటాకు పందిరిలోంచి గాలి దూరిపోతుంది. చిక్కుడు పాదులోంచీ దూరిపోతుంది. ప్యానెల్ పందిరి అలా కాదు. తెరచాపలా గాలిని పట్టేస్తుంది. కింద నుంచి తోసే గాలి దాన్ని గొడుగులా పైకి లేపాలని చూస్తుంది. మన దేశంలో కట్టడాలకు వాడే ప్రమాణాల్లో లెక్కకు తీసుకోవాల్సిన గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50 మీటర్లు. ఈ మూడు ఊళ్లూ ఆ రెండింటి మధ్యన ఉన్నవే. తక్కువదైన బెంగళూరు లెక్కే తీసుకున్నా చదరపు మీటరుకు 66 కిలోల ఒత్తిడి పడుతుంది. ఒక్కో ప్యానెల్ మీద 170 కిలోలు, నాలుగింటి మీద 680 కిలోలు! 28 కిలోల ప్యానెల్ తన బరువుతో తానే నిలబడుతుందనుకోవడం అందుకే ప్రమాదం.

మరేం చేయాలి? ఒక్కో స్తంభం కింద రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో కాంక్రీటు దిమ్మ వేస్తే అది దాదాపు 540 కిలోలు తూగుతుంది. నాలుగు దిమ్మలు కలిస్తే రెండు టన్నుల పైమాట. ఎత్తేసే గాలికి అదే విరుగుడు. దిమ్మలోకి దిగే బోల్టులు, మూలలకు ఏటవాలు ఆనింపులు, కొలతకు తగ్గ చువ్వలు... ఇవి సివిల్ ఇంజినీరు చూసి చెప్పాలి. ఆయనకిచ్చే నాలుగు డబ్బులు వృథా కావు. ఎగిరిన ప్యానెల్ మీ పెరట్లోనే పడుతుందని రాసిపెట్టిలేదు కదా!

ఇనుము కూడా చూసుకోవాలి. పైన రంగు వేసిన మామూలు పైపు నాలుగు వానలకే తుప్పు పడుతుంది. కరిగించిన జింకులో ముంచి తీసిన పైపులు తీసుకుని, వాటిని వెల్డింగ్ చేయకుండా బోల్టులతో కలపాలి. వెల్డింగ్ చేసినచోట జింకు పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. ప్యానెల్ ఫ్రేముకు కొత్తగా బెజ్జాలు వేయనివ్వొద్దు. కంపెనీ చెప్పినచోటే క్లాంపులు పడాలి. లేదంటే వారంటీ గాలికి పోతుంది.

కుప్పం కూసాలు... చూడ్డానికి గట్టివే!

కుప్పం అనగానే గ్రానైటు గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల కంచెకైనా, పాదులకైనా రాతి కూసాలు పాతడం మామూలే. చెద పట్టవు, తుప్పు పట్టవు. ‘ఇనుమెందుకు, నాలుగు కూసాలు పాతి పైన ప్యానెళ్లు పెట్టేద్దాం’ అని ఎవరికైనా అనిపిస్తుంది.

రాయి బరువును మోయగలదు. పక్కకు వంచితే మాత్రం టప్పున విరుగుతుంది. గాలి చేసే పని అదే. దాని తలలో బోల్టు కోసం బెజ్జం వేస్తే పగులు అక్కణ్నుంచే మొదలవుతుంది. తీగలకు సరిపోయిన కూసం ప్యానెళ్లకు సరిపోదు. అందం కోసం కావాలంటే ఇనుప స్తంభాల పక్కన కూసాలు పాతి, వాటికి మల్లెతీగ పాకించుకోవచ్చు. బరువూ గాలీ మాత్రం ఇనుముకే వదిలేయాలి.

కుప్పానికి సోలార్ కొత్తదేం కాదు. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 2002లో అక్కడ మొదలుపెట్టిన ‘ఐ-కమ్యూనిటీ’లో భాగంగా కొందరు పొదుపు సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు తీసుకుని ఊళ్లలో ఫొటోలు తీసి అక్కడికక్కడే ఇచ్చేవారు. ఆ ప్రింటరు సంచికి చార్జింగ్ సోలార్ ప్యానెలే! అప్పట్లో అదో వింత. ఇప్పుడు 2025 జనవరిలో కుప్పం మండలం నడిమూరులో ఇళ్ల మీద సోలార్ పెట్టే పైలట్ కార్యక్రమాన్ని ముఖ్యమంత్రే ప్రారంభించారు. ‘మాకూ పెట్టించండి’ అని ఇంట్లోవాళ్లు అడిగే రోజులివి. అడిగే ముందు పైన చెప్పిన గాలి లెక్క ఒకసారి చూసుకుంటే మంచిది.

పుంగనూరు కొట్టం... ఆవు పొట్టి, సమస్య పొడుగు!

పుంగనూరులో పందిరంటే మనుషులకే కాదు, ఆవులకు కూడా. ప్రపంచంలోని పొట్టి పశుజాతుల్లో ఒకటైన పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. దానికి ఎనిమిదడుగుల పందిరి అక్కర్లేదు. కానీ పేడ ఎత్తే మనిషికి కావాలి, గాలి ఆడటానికీ కావాలి.

పశువుల కొట్టం మీద ప్యానెళ్లు పెట్టేవాళ్లు మరో సంగతి కనుక్కోవాలి. మూత్రం, పేడ నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరి ఏళ్ల తరబడి తగిలితే ప్యానెల్ అంచుల్లో, కనెక్టర్లలో తినేస్తుంది. దీన్ని తట్టుకుంటుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. దాని పేరు ఐఈసీ 62716. ప్యానెల్ పత్రాల్లో ఆ అంకె ఉందేమో చూడండి. లేకపోతే వేరేది అడగండి. వైర్లను పైపుల్లోంచి పంపి కొట్టం దూలాలకు ఎత్తుగా బిగించాలి. ఎలుక కొరికినా, దూడ నమిలినా ప్రమాదమే. నాలుగు ప్యానెళ్ల వరసలో దాదాపు 200 వోల్టుల డీసీ కరెంటు పారుతుంది. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌కు స్విచ్ ఆఫ్ అనేది లేదు మరి!

ఇక ప్యానెల్ దగ్గరికి...

చోటు దొరికింది. పందిరి లెక్క కుదిరింది. ఇప్పుడు దుకాణానికి వెళ్లొచ్చు. అక్కడ వినిపించే మాటలివీ.

మోనో పెర్క్: ఎక్కువగా దొరికేది, ధర అందుబాటులో ఉండేది. ఎండకు ప్యానెల్ వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి ఇది సుమారు 0.34 శాతం చొప్పున కోల్పోతుంది. ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే 13 శాతం పైగా పోయినట్టే. కింద గాలి ఆడే పందిరి మీద ప్యానెల్, రేకుకు అంటించి బిగించినదానికన్నా చల్లగా ఉంటుంది. పందిరికున్న లాభాల్లో ఇదొకటి.

టాప్‌కాన్: కొత్త రకం. వేడికి నష్టం డిగ్రీకి 0.30 శాతం లోపే. ఏళ్లు గడిచినా శక్తి తగ్గడం కాస్త నెమ్మది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే ఇది తీసుకోవచ్చు.

బైఫేషియల్: రెండు వైపులా వెలుతురు పట్టేది. పందిరికి బాగా నప్పేది ఇదే. వెనకా ముందూ గాజు ఉంటుంది కాబట్టి కింద నుంచి చూసినా తెల్ల షీటు కాకుండా సెల్స్ మధ్యలోంచి సన్నని వెలుతురు కనిపిస్తుంది. కింద లేత రంగు బండలు పరిస్తే, సున్నం కొట్టిన గోడ ఉంటే వెనకవైపు నుంచి కొన్ని శాతం అదనంగా వస్తుంది. ‘30 శాతం ఎక్కువొస్తుంది సార్’ అంటే మాత్రం నమ్మొద్దు. కింద కుర్చీలు, మనుషులు, నీడ ఉన్నచోట అంత రాదు. గాజు రెండు వైపులా ఉన్నందున బరువు ఎక్కువ. ఎన్ని కిలోలో అడిగి ఇంజినీరుకు చెప్పాలి.

వెలుతురు పడే ప్యానెల్: సెల్స్‌ను దూరదూరంగా పేర్చి, మధ్యలో గాజును ఖాళీగా వదిలిన రకం. కింద చుక్కల ముగ్గులా ఎండ పడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ అదే చోటులో వాట్లు తక్కువ, ధర ఎక్కువ. సబ్సిడీ వర్తించే రకమో కాదో ముందే కనుక్కోవాలి. మామూలు ప్యానెళ్ల మధ్యే రెండంగుళాల సందు వదిలితే దాదాపు ఆ అందమే వస్తుంది.

వంగే పల్చటి ప్యానెల్: బరువు లేదని సంబరపడొద్దు. 25 ఏళ్లు ఎండకు నిలబడాల్సిన పందిరికి ఇది పనికిరాదు.

ఏది కొన్నా మూడు పత్రాలు చేతిలో పెట్టమనండి. ఒకటి, ప్యానెల్ వస్తువు వారంటీ. రెండు, 25 ఏళ్ల దిగుబడి వారంటీ. మూడు, ఆ ప్యానెల్ నంబరుతో కూడిన ఫ్యాక్టరీ పరీక్ష కాగితం. వడగళ్ల భయం ఉన్నవాళ్లు ఐఈసీ 61215 ప్రమాణం ఉందేమో చూసుకోవాలి. అందులో 25 మిల్లీమీటర్ల మంచుగుళ్లను గంటకు 83 కిలోమీటర్ల వేగంతో ప్యానెల్ మీదికి కొట్టి చూస్తారు.

కరెంటు పోతే సోలార్ కూడా పోతుందా?

పోతుంది! చాలామంది పెట్టించుకున్నాకే తెలుసుకునే సంగతి ఇది. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టరు, లైన్లో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు మీ ఇంటి కరెంటు కొట్టకూడదని పెట్టిన ఏర్పాటు అది. కోతలప్పుడు కూడా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. దానికి ఖర్చు వేరు. మీకు నిజంగా అవసరమా అన్నది మీ వీధిలో కోతలను బట్టి ఆలోచించుకోవాలి.

నీడ పూర్తిగా తప్పించలేని పెరడైతే, ప్రతి ప్యానెల్‌కూ విడివిడిగా బిగించే మైక్రో ఇన్వర్టర్లు ఉన్నాయి. ఒకదాని మీద నీడ పడినా మిగతావి వాటి పని అవి చేసుకుంటాయి. ఖరీదు కాస్త ఎక్కువే. కానీ చెట్టు కొట్టే పని తప్పుతుంది. ఎర్తింగ్ మాత్రం ఎక్కడైనా తప్పదు. ఇనుప పందిరిని, ప్యానెల్ ఫ్రేములను ఎర్త్‌కు కలపాలి. ఇన్వర్టరుకు, పిడుగు నిరోధకానికి వేరే గుంతలుండాలి.

డబ్బు లెక్క... నీడ ఖర్చు వేరు!

2024 ఫిబ్రవరిలో మొదలైన ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు సబ్సిడీ ఉంది. మొత్తం 78 వేలకు మించదు. సెల్స్, ప్యానెల్ రెండూ మన దేశంలో తయారైనవి కావాలి. వీటినే దుకాణాల్లో ‘డీసీఆర్’ ప్యానెళ్లంటారు. పెట్టినవాళ్లే ఐదేళ్లు బాగోగులు చూడాలి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల దాకా ఉచితంగా ఇవ్వాలని, బీసీలకు అదనంగా 20 వేల దాకా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

ఇక్కడో మెలిక. సబ్సిడీ కిలోవాట్లను బట్టి ఇస్తారు, ఇనుమును బట్టి కాదు. పందిరికి ఎంత ఖర్చయినా సబ్సిడీ పెరగదు. మిద్దె మీద కాకుండా పెరటి పందిరి మీద పెడుతున్నామని దరఖాస్తులోనే చెప్పి, కరెంటు ఆఫీసు సరేనన్నాకే దిమ్మలకు గుంతలు తవ్వాలి.

మిగిలేదెంత? 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం నెలకు 250 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు చార్జీ ఒక్కటే సుమారు 1,236 రూపాయలు. నెలకు 240 యూనిట్లు ఇచ్చే 2 కిలోవాట్ల పందిరితో అందులో 1,200 దాకా మిగులుతుంది. ఏడాదికి 14 వేల పైచిలుకు. అదే 150 యూనిట్లే కాల్చే ఇంటికి చార్జీ 567 రూపాయలే. అలాంటివాళ్లకు రెండు ప్యానెళ్లే ఎక్కువ. దుకాణంవాడు చెప్పాడని ఆరు పెట్టిస్తే ఆ డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

అందుకే రెండు లెక్కలు విడివిడిగా రాసుకోవాలి. ప్యానెల్, ఇన్వర్టరు, మీటరు ఖర్చు కరెంటు ఖాతాలో. స్తంభాలు, దిమ్మలు, బండల ఖర్చు నీడ ఖాతాలో. పందిరి ఎటూ వేసుకోవాలనుకుంటే రెండో ఖర్చు బాధించదు. నీడ అక్కర్లేదు, కరెంటే కావాలంటే మాత్రం మిద్దె మీద చోటు చేసుకోవడమే చౌక.

వానకో కాలువ, దుమ్ముకో గుడ్డ

ప్యానెళ్ల సందుల్లోంచి వాన కారుతుంది. కింద తడవకూడదనుకుంటే సందులకు రబ్బరు పట్టీలు, ముందు అంచున కాలువ రేకు బిగించుకోవచ్చు. నాలుగు ప్యానెళ్ల మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే ఏడు వేల లీటర్ల నీళ్లు! ఓ డ్రమ్ము పెట్టుకుంటే ప్యానెల్ కడగడానికి ఆ నీళ్లే మంచివి. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్ల మచ్చలు పడతాయి. పొద్దున్నే ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాగిన గాజు మీద చన్నీళ్లు పోయొద్దు.

ముగ్గుపిండి తీర్పు

మళ్లీ ఆ మదనపల్లె పెరట్లోకి వద్దాం. డిసెంబరు దాకా ఆగారు. ముగ్గుపిండి డబ్బా పెద్దావిడ చేతిలోనే ఉంది. పొద్దున ఒక గీత, మధ్యాహ్నం ఒక గీత, మూడింటికి ఇంకో గీత. పాత చిక్కుడు పందిరి ఉన్నచోటు చెట్టుకు ఉత్తరం. మూడు గీతలూ దాని మీదుగానే పోయాయి. అక్కడ ఆరు ప్యానెళ్లు పెట్టాలంటే దుకాణం మనిషి చెప్పిందే నిజం, చెట్టు పోవాల్సిందే.

కానీ చెట్టుకు దక్షిణంగా, బట్టలుతికే బండ దగ్గర, మూడు గీతలూ తాకని నేల మిగిలింది. టేపు పట్టి కొలిస్తే 16 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. ఆరు పట్టవు. నాలుగు పడతాయి. బిల్లులు తీసి చూస్తే ఆ ఇంటికి కావాల్సిందీ నాలుగే!

‘బట్టలెక్కడ ఉతకాలి?’ అంది ఇల్లాలు.

‘ఆ పందిలి కిందే! ఇన్నాళ్లూ ఎండలో ఉతికితివి. ఇంక నీడలో ఉతుకు’ అంది అత్తగారు.

వేపచెట్టు ఉన్నచోటే ఉంది. చిక్కుడు పాదూ ఉన్నచోటే ఉంది. ముగ్గుపిండి డబ్బా మళ్లీ వంటింటి గట్టెక్కింది.